కళాశాల గుమ్మమున కిరువైపుల

కళాశాల చదువు దేశమునకు మేలు చేయుచున్నదా, కీడు చేయుచున్నదా యను ప్రశ్న మరల రాజకీయ వేదికల కెక్కినది. ఒక పక్షమువారు విశ్వవిద్యాలయములు సోమరులకును దేశద్రోహులకును విడిదిండ్లయినవనియు, పన్నులు కట్టువారి సొమ్ము అచ్చట బూడిదలో పోసిన పన్నీరగుచున్నదనియు చెప్పుచున్నారు. వేఱొక పక్షమువారు ఇంటికొక పట్టభద్రుడు లేనిదే దేశము బాగుపడదని చెప్పుచు, ఆ పట్టభద్రుడు పట్టము చేతబట్టుకొని ఎక్కడికి పోవలెనో మాత్రము చెప్పకున్నారు. నడుమ మూడవవారు బయలుదేరి, పట్టమెందుకు, చేతిలో పనితనమున్న చాలునని ఉపదేశించుచున్నారు. మువ్వురును తమ మాట నేడే పుట్టినదని తలచుచున్నట్లున్నది. మన జాతీయోద్యమ చరిత్ర చదివినవారికి ఈ మూడు గొంతులును పాత చుట్టములే. 1905 మొదలు 1922 వఱకు ఈ వాదముతో మన పట్టణములు మారుమ్రోగినవి. విద్యార్థులు తరగతులు విడిచిరి. పుస్తెలమ్మి ఫీజు కట్టిన తల్లులు నెత్తి కొట్టుకొనిరి. ఊరూర జాతీయ కళాశాలలు లేచినవి, పడినవి.

ఆ నాటి కాగితములను తిరుగవేసి చూచిన కొలది మాకొక సంగతి స్పష్టముగ కానవచ్చుచున్నది. కళాశాల విద్య నిరర్థకమని చాటినవారిలో పెక్కురు ఆ విద్యను పొంది, దాని లోపల నుండి మాటలాడినవారు. అది మాకు కావలెనని అడిగినవారు గుమ్మము వెలుపల నిలిచినవారు. లోపలివాడు ఇల్లు కురియుచున్నదని చెప్పెను. వెలుపలివాడు నేను వానలో నిలిచియున్నానని చెప్పెను. ఇరువురి మాటయు నిజమే. ఇరువురును ఒకరి నొకరు దేశద్రోహులనుకొనుటయే నాటి విషాదము, నేటి విషాదమును.

జాతీయవాదులు నాటి కళాశాలపై మోపిన నేరములు అబద్ధములు కావు. 1835లో మెకాలే వ్రాసిన అభిప్రాయ పత్రము ఇంగ్లీషు చదువునకు దారి తీసెను. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో విశ్వవిద్యాలయములు వెలసెను. అవి చాలకాలము పరీక్షలు పెట్టి పట్టములు పంచు కచేరీలే గాని పాఠములు చెప్పు స్థలములు కావు. మద్రాసు పరీక్షకు తగినట్లు రాజమహేంద్రవరమునను, బందరునను, కాకినాడయందును పాఠములు వల్లింపబడుచుండెను. తెలుగు బాలుడు తన దేశపు చరిత్రను పరభాషలో, పరదేశి కన్నుతో కంఠస్థము చేయవలసి వచ్చెను. చదివినవాడు నాగలి పట్టడు, మగ్గమెక్కడు, తండ్రి దుకాణమున కూర్చుండడు. తాలూకా కచేరీలో గుమాస్తా పని కొఱకు అర్జీ పట్టుకొని తిరుగును. చదువక ముందు కాకరకాయ, చదివిన పిమ్మట కీకరకాయ యన్న సామెత ఊరక పుట్టలేదు. ఆ సామెత పుట్టించిన పల్లెకు చదువుపై ద్వేషము లేదు. చదివి వచ్చినవాడు తనకు పనికిరాకుండ పోయెనన్న దుఃఖము మాత్రమే కలదు.

ఈ దుఃఖమునకు మొదట రాజకీయ రూపమిచ్చినది వంగదేశము. 1904లో కర్జన్ ప్రభువు విశ్వవిద్యాలయముల చట్టము తెచ్చి వానిపై ప్రభుత్వపు పట్టు బిగించెను. మఱుసటి యేడు వంగ విభజనము జరిగెను. స్వదేశీ ఉద్యమమున చేరిన విద్యార్థుల పాఠశాలలకు సహాయద్రవ్యమును, విద్యార్థివేతనములను ఆపివేయుదుమని కార్లైల్ దొర పేర వెలువడిన తాకీదు బెదరించెను. దానికి బదులుగ 1906లో జాతీయ విద్యాపరిషత్తు ఏర్పడి, అరవింద ఘోషు ప్రిన్సిపాలుగ బెంగాల్ జాతీయ కళాశాల తెఱవబడెను. అయితే పుట్టిన యేటనే ఇల్లు రెండు వాటాలయ్యెను. దేశమునకు కావలసినది సర్వాంగ సుందరమైన జాతీయ విద్య యని కొందఱును, కాదు, కావలసినది యంత్రవిద్య, పారిశ్రామిక విద్య యని తారకనాథ పాలితు మొదలగువారును వాదులాడుకొని వేఱు వేఱు సంస్థలు పెట్టుకొనిరి. 1910లో అవి కలిసెను. ఆ వృక్షమే పెరిగి 1955లో జాదవ్‌పూరు విశ్వవిద్యాలయమయ్యెను.

ఇక్కడ ఒక విశేషము చెప్పక తప్పదు. జాతీయ విద్యాపరిషత్తునకు తొలి అధ్యక్షుడైన రాసబిహారీ ఘోషు 1913లో పది లక్షల రూపాయలు దానము చేసెను, ఎవరికి? ప్రభుత్వము వారి కలకత్తా విశ్వవిద్యాలయమునకు! పాలితు అంతకు ముందేడే తన సంపదలో పెద్దభాగము ఆ విశ్వవిద్యాలయమునకే ధారవోసెను. 1917లో పాలితు పేరిట నెలకొన్న ఆచార్యపీఠమున చంద్రశేఖర వేంకట రామన్ కూర్చుండెను. దీనిని కపటమని మేమనము. ఆ దినములలో ఆశుతోష ముఖర్జీ ఉపాధ్యక్షుడై, పరీక్షల కచేరీగ నున్న దానిని పరిశోధనాలయముగ మార్చుచుండెను. పనిచేయు చేతులు ఎక్కడ కనబడిన అక్కడ పైకము పెట్టుట స్వదేశీయే యని ఆ పెద్దలు తలచి యుందురు. బహిష్కారము ఒక ఆయుధము. ఆయుధమును పూజాగృహమున పెట్టి దానికే నైవేద్యము పెట్టవలసిన పనిలేదు.

మన సర్కారు జిల్లాలకు ఈ గాలి 1907లో సోకినది. ఆ వేసవి ఆరంభమున బిపిన చంద్రపాలు విశాఖపట్టణము మొదలు బందరు వఱకు తిరిగి ఉపన్యసించెను. రాజమహేంద్రవరమున విద్యార్థులు వందేమాతరమను పతకములు ధరించి తరగతులకు పోయిరి. కళాశాల ప్రిన్సిపాలు మార్కు హంటరు దొర దానిని సహింపలేదు. పలువురు విద్యార్థులను తొలగించిరి; శిక్షణ కళాశాలలో చదువుచున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును వెడలగొట్టి సర్కారు కొలువునకు పనికిరాడనిరి. సర్కారు పోగొట్టుకొన్న ఆ ఉపాధ్యాయుడు బెజవాడలో స్వరాజ్య పత్రిక నడపి 1908లో చెఱసాల పాలయ్యెను. విడుదలయిన పిమ్మట తన జీవితములో పెద్దభాగము గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును వెచ్చించెను. నేడు పఠనమందిరమున కూర్చుండి పత్రిక చదువు ప్రతి పాఠకుడును ఆయనకు ఎంతో కొంత ఋణపడి యున్నాడు. కళాశాల తలుపు మూసిన చేతనే ఊరూర పఠనమందిరపు తలుపు తెఱవబడినదన్నమాట. హంటరు దొర ఈ మేలు తలపెట్టి చేయలేదు గాని, మనము స్మరింపవలసినదే.

బందరు సంగతి మఱింత నిదానముగ చెప్పుకొనదగినది. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల అచ్చట నెలకొనెను. దానిని నిలిపిన మువ్వురు కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగార్లు. హనుమంతరావుగారు ఎం.ఏ., బి.ఎల్. చదివినవారు, పట్టాభిగారు మద్రాసున వైద్యపట్టము పొందినవారు, కృష్ణారావుగారు నోబులు కళాశాలలో రఘుపతి వేంకటరత్నమునాయుడుగారి శిష్యులు. వీరు విద్యను ద్వేషించినవారు కారు. పుస్తకముతో పాటు మగ్గమును, వడ్రంగమును, యంత్రశాలను, చిత్రలేఖనమును ఒక ప్రాంగణమున చేర్చిరి. పింగళి వేంకయ్యగారు అచ్చట అధ్యాపకులైరి. వంగదేశము నుండి ప్రమోదకుమార ఛటర్జీ వచ్చి చిత్రకళ నేర్పెను. ఆయన యొద్ద నేర్చిన అడివి బాపిరాజుగారు పిదప ఆ కళాశాలకే ప్రిన్సిపాలైరి. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారును అచ్చట పాఠములు చెప్పిరి. ఇంతమంది ప్రతిభావంతులను సర్కారు కళాశాల ఏదియు ఒక్కచోట చేర్చియుండలేదని మా నమ్మకము.

మఱి అది దేశమంతట ఎందులకు పాకలేదు? ధనము లేకపోవుట ఒక కారణము. 1922లో హనుమంతరావుగారు నడివయస్సుననే గతించుట మఱియొకటి. అసలు కారణము అంతకంటె మొఱటుది. పట్టము వెల కళాశాలలో నిర్ణయింపబడదు, కచేరీలో నిర్ణయింపబడును. మునసబు కోర్టులో ప్లీడరుగ నిలువవలెనన్న, రివెన్యూ శాఖలో గుమాస్తా కావలెనన్న, మద్రాసు విశ్వవిద్యాలయపు ముద్ర కావలెను. బందరు ముద్ర చూచి బంట్రోతు పనియు ఇచ్చువాడు లేడు. జాతీయ కళాశాల చదువు ఎంత గొప్పదైనను, రెండెకరముల రైతు తన కొడుకు నచ్చటికి పంపుట యనగా వాని జీవనమునకు తానే పూచీ పడుట. భూమి గలవాడు, తాతల వృత్తి గలవాడు, పేరు గలవాడు ఆ పూచీ పడగలడు. లేనివాడు పడలేడు. ఈ లెక్కను ఉపన్యాసములు కొట్టివేయలేకపోయినవి.

1920 సెప్టెంబరులో కలకత్తా ప్రత్యేక సభయందు సహాయ నిరాకరణ తీర్మానము నెగ్గెను. సర్కారు పాఠశాలలను, కళాశాలలను క్రమముగ విడువవలెననుట అందొక భాగము. ఆ అక్టోబరులో అహమ్మదాబాదున గుజరాతు విద్యాపీఠమును, అలీగఢమున జామియా మిల్లియాయును, 1921 ఫిబ్రవరిలో కాశీ విద్యాపీఠమును పుట్టినవి. లాహోరున లాలా లజపతిరాయి పూనికతో నేషనలు కాలేజి ఏర్పడెను. భగత్ సింగు అచ్చటి విద్యార్థియే. కాశీ విద్యాపీఠము ఇచ్చిన ‘శాస్త్రి’ పట్టమును లాల్ బహదూరు తన పేరులో కలుపుకొని, 1964లో ఆ పేరుతోనే దేశ ప్రధానమంత్రి యయ్యెను. ఈ సంస్థలు వృథాయైనవని చెప్పువారు ఈ పేర్లకు సమాధానము చెప్పవలెను.

అయినను గాంధీమహాత్ముని ఎదిరించినవారు అల్పులు కారు. మదనమోహన మాలవ్యపండితుడు తాను బిచ్చమెత్తి కట్టిన కాశీ హిందూ విశ్వవిద్యాలయమును మూయనీయలేదు. రవీంద్రనాథ ఠాకూరు 1921లో బాహాటముగ అభ్యంతరము చెప్పెను: ఒకటి విడువుమనుట సులభము, విడిచిన బాలునికి వేఱొకటి చేతికీయక పంపుట న్యాయమా యని ఆయన వాదముయొక్క సారము. గాంధీ ఆయనను దేశమునకు కావలికాడని గౌరవించుచునే, ఇల్లు కాలుచుండగా నీళ్ళ కుండ పట్టుకొనుటయే కర్తవ్యమని తన పక్షమును సమర్థించుకొనెను. అట్టి వాదములు నేడు మన సభలలో వినబడవు. ఒకరి విశ్వాసమును ఒకరు శంకింపక ఎంత గాఢముగ కలహింపవచ్చునో ఆ ఇరువురును చూపిరి. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా పిదప ఉద్యమము ఆగినప్పుడు, తరగతులు విడిచినవారిలో చాలమంది మరల పాత బల్లల మీదికే చేరిరి. చేరినవారిని పిఱికివారనుట మాకిష్టము లేదు. పాట్నాలో పరీక్ష ముందఱ సర్కారు సహాయము పొందు కళాశాలను త్యజించిన జయప్రకాశ నారాయణుడే 1922లో అమెరికాకు పోయి, అచ్చటి విశ్వవిద్యాలయములలో ఏండ్ల తరబడి చదువుకొని వచ్చెను గదా! త్యజించినది విద్యను కాదు, విదేశ ప్రభుత్వపు నీడను.

ఇంతవఱకు చెప్పినది లోపలివారి కథ. వెలుపలివారి కథ జాతీయ పత్రికలలో తక్కువగ కనబడును. దానిని చెప్పుటయు జాతీయ ధర్మమే.

1882లో హంటరు కమిషను ఎదుట (ఇతడు రాజమహేంద్రవరపు దొర కాడు, వేఱొక హంటరు) జ్యోతిరావు ఫూలే యొక విజ్ఞాపన మిచ్చెను. సర్కారు ఖజానా నిండునది రైతు చెమటతో, ఖర్చగునది పై వర్ణములవారి ఉన్నత విద్యకు. పల్లెలకు ప్రాథమిక పాఠశాలలే లేవు అని అతడు మొఱపెట్టెను. కళాశాలపై ఇదియు ఒక విమర్శయే, కాని జాతీయవాదుల విమర్శ వంటిది కాదు. ఆత్మ చెడుచున్నదని వీరనిరి; అన్నము అందుట లేదని అతడనెను. మన రాజధానిలో 1916 డిసెంబరున పిట్టి త్యాగరాయశెట్టిగారి పేర బ్రాహ్మణేతర ప్రకటన వెలువడెను. జనసంఖ్యలో నూటికి మూడు వంతులకు కొంచెము మించిన కులమువారు పట్టభద్రులలో సగమునకు మించి యుండుటయు, కొలువులన్నియు వారి చేతిలో నుండుటయు అందు ప్రధాన ఫిర్యాదు. జస్టిసు పక్షమువారు 1920 చివర శాసనసభ కెక్కిరి. కాంగ్రెసువారు కళాశాల విడువుడని పిలుచుచున్న ఆ నెలలలోనే, వీరు కళాశాలలోను కొలువులలోను మా పాలు మాకిండని అడుగుచుండిరి. ఒకే గుమ్మమున ఒకరు వెలుపలికి, ఒకరు లోపలికి త్రోసుకొనుచుండగా జరిగిన ఒరపిడి నాటి మన రాజకీయము.

జస్టిసు పక్షమువారిని మేము పొగడబోవుట లేదు. పరప్రభుత్వపు గొడుగు క్రింద నిలిచి స్వజనులతో పోరాడిరి, జమీందారుల చావడిలో పుట్టిన పక్షము పంచముల గుడిసె వఱకు పోలేదు, ఎం. సి. రాజాగారు 1923లో వారిని విడిచి పోయిరి. కాని వారి ప్రశ్న అబద్ధముకాదు. మూడు తరములుగ చదివిన యింటివాడు పట్టమును చించివేసిన అది త్యాగము. ఆ ఇంట మిగిలిన చదువు చిరిగిపోదు: గోడ మీద పుస్తకములుండును, మేనమామ ప్లీడరు, పెదనాయన తహశీలుదారు. ఏ తరమునను అక్షరము ఎఱుగని యింటివానితో ‘పట్టము బానిసత్వము, వలదు’ అనుట కడుపు నిండిన బేరము.

అంబేడ్కరు ఈ సంగతిని అందఱికంటె స్పష్టముగ ఎఱిగినవాడు. కొలంబియాలో చదివి వచ్చి, 1917లో బరోడా సంస్థానమున కొలువున చేరినప్పుడు తలదాచుకొన ఇల్లు దొరకలేదు. పట్టము కులమును కడిగివేయదని ఆయనకు ఒకరు చెప్పవలెనా? అయినను పట్టము వలదని ఆయన అనలేదు. 1945లో విద్యాసంఘమును స్థాపించి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల తెఱచెను. గుమ్మము ఇఱుకైనదని కనుగొన్నవాడు దానిని వెడల్పు చేసెను.

ఈ రెండు కథలును ఒక్క జీవితమున కలిసిన తావు మన తెలుగునాటనే యున్నది. గోదావరి జిల్లా ఆడుబిడ్డ దుర్గాబాయి బాల్యముననే ఇంగ్లీషు చదువు వలదని బడి విడిచెను. హిందీ నేర్చి, తోడి బాలికలకు నేర్పెను. 1930లో ఉప్పు సత్యాగ్రహమున చెఱకు పోయెను. బహిష్కారమున ఆమెకంటె నిష్ఠ గలవారు అరుదు. ఆ తరువాత ఆమె ఏమి చేసెను? కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషనుకు కూర్చుండెను. స్త్రీలకు వసతిగృహము లేని కాలమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చేరి బి.ఏ. చదివెను. మద్రాసున న్యాయశాస్త్రము చదివి 1942లో పట్టము పొందెను. 1937లో ఆమె నెలకొల్పిన ఆంధ్ర మహిళాసభకు తొలి పనులలో ఒకటి, పరీక్షకు కూర్చుండగోరు స్త్రీలకు పాఠము చెప్పుట. రాజ్యాంగ సభలో ఆమె వాదించిన వాదముల వెనుక ఆ న్యాయశాస్త్రము కలదు, ఆ చెఱసాలయు కలదు. పురుషుడు విడువదగిన పట్టము స్త్రీకి ఇంకను అందనిదై యుండెనని ఆమె జీవితము నిరూపించినది.

విశ్వకళాపరిషత్తు పేరు వచ్చినది గనుక ఒక మాట. 1926లో అది బెజవాడలో పుట్టెను. తొలి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఆయన జస్టిసు పక్షమున పని చేసినవారు. 1930లో సత్యాగ్రహులపై ప్రభుత్వము సాగించిన దౌర్జన్యమునకు నిరసనగ ఆ పదవిని విడిచిరి! విశ్వవిద్యాలయమును ప్రభుత్వము కట్టించినను దానికి స్వంత వెన్నెముక యుండవచ్చునని అంతకంటె తేటగ చెప్పువారెవరు? 1938లో నిజాము రాజ్యమున ఉస్మానియా విద్యార్థులు వందేమాతర గీతము పాడినందులకు గెంటివేయబడిరి. వారు చదువునకు నీళ్ళు వదలి ఇండ్లకు పోలేదు. నాగపూరు విశ్వవిద్యాలయము చేరదీయగా అచ్చట చదివిరి. పాములపర్తి వేంకట నరసింహారావుగారు వారిలో ఒకరు.

ఇక నేటి సంగతి. జయప్రకాశుడు చదివిన విస్కాన్సిను, ఒహాయో విశ్వవిద్యాలయములు 1862లో అమెరికా శాసనసభ రైతుబిడ్డల కొఱకు, కార్మికుల బిడ్డల కొఱకు భూములిచ్చి పోషించిన కోవలోనివి. ఆ దేశముననే 2017లో ప్యూ సంస్థవారు విచారింపగా, రిపబ్లికను పక్షము వైపు మొగ్గువారిలో నూటికి 58 మంది కళాశాలలు దేశమునకు కీడు చేయుచున్నవనిరి. డెమొక్రాటుల వైపు 72 మంది మేలు చేయుచున్నవనిరి. 2021లో జె. డి. వాన్సు విశ్వవిద్యాలయములే శత్రువులని ఉపన్యసించెను. ఆయన యేలు విశ్వవిద్యాలయపు న్యాయ పట్టభద్రుడు! 2025లో ఆయన ఉపాధ్యక్షుడైన ప్రభుత్వము హార్వర్డునకు రావలసిన రెండు వందల కోట్ల డాలర్లకు పైబడిన నిధులను నిలిపివేయగా, న్యాయస్థానము ఆ చర్యను తప్పుపట్టెను. 2023-24లో అమెరికాలో చదివిన భారతీయులు 3,31,602 మంది. వారిలో తెలుగువారు పెద్ద భాగము. కావున అచ్చటి కలహము మన వీథి అరుగుల మీదను వినబడుచున్నది. ఆ దేశపు మర్మములు మాకంతగ తెలియవు గాని, లోపల చదివినవాడు వెలుపలివాని కోపమును తన పక్షమునకు వాడుకొనుట మాత్రము మేమెఱిగిన విద్యయే.

మన దేశమున 2016 నుండి ఢిల్లీలోని ఒక విశ్వవిద్యాలయమును సాకుగ పెట్టుకొని, ప్రజల సొమ్ముతో చదువుకొని రాజద్రోహము నేర్చుచున్నారను కేకలు లేచినవి. వానిని విన్నప్పుడు మాకు కార్లైలు తాకీదు జ్ఞప్తికి వచ్చును. చదువుకొను బాలుడు రాజకీయము మాటలాడరాదనుట తెల్లదొర నోట ఎంత చేదో, మనవారి నోటను అంతే చేదు. అయితే ఎదుటి పక్షమువారు విశ్వవిద్యాలయ స్వాతంత్ర్యమును గుఱించి ఎంత పలికినను, తమ చేతిలోని రాష్ట్రములలో ఆచార్యులను నియమింపకున్నచో ఆ పలుకులు గాలిలో కలియును.

2021-22 సర్కారు లెక్కలలో దేశమున ఉన్నత విద్య చదువువారు సుమారు 4.33 కోట్లు, పదునెనిమిది మొదలు ఇరువది మూడేండ్ల వయసు వారితో పోల్చిన నూటికి 28.4. అనగా నూఱుగురిలో డెబ్బదిమంది యిప్పటికిని గుమ్మము వెలుపలనే యున్నారు. 2020 విద్యావిధానము 2035 నాటికి దీనిని ఏబదికి చేర్తునన్నది. ఇట్టి తరుణమున పట్టము అనవసరము, పనితనము చాలునని బోధించువారిని మేమొకటి అడుగుదుము: అయ్యా, తమ పిల్లలు ఎక్కడ చదువుచున్నారు? పనితనము గొప్పదే. పాలితు 1906లో అదే చెప్పెను. తెలంగాణ ప్రభుత్వము 2024లో దాని కొఱకు ప్రత్యేక విశ్వవిద్యాలయమునే శాసనము చేసెను. అది పేదవాని బిడ్డకు మాత్రమే విధించి, తమ బిడ్డను బోస్టనుకు పంపువారి ఉపదేశమును మేము స్వీకరింపము. 1937లో గాంధీయే, ఉన్నత విద్య వ్యయమును సర్కారు మోయనక్కఱలేదు, ఇంజనీరులు కావలసిన కార్ఖానాలే కళాశాలలు పెట్టుకొనవలెనని వ్రాసెను. ఆయన తలచినది తన పని కొఱకు తానే నేర్పించుకొను కార్ఖానా. మనకు వచ్చినది పని ఇయ్యని, పైకము మాత్రము పుచ్చుకొను కళాశాల.

మన రెండు రాష్ట్రముల అనుభవము దీనికి సాక్ష్యము. ఉమ్మడి రాష్ట్రమున వై. ఎస్. రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వ కాలమున బీద విద్యార్థుల ఫీజును సర్కారే చెల్లించు పథకము వచ్చెను. దానిని మేము తక్కువ చేయము. కూలివాని కొడుకును, చాకలి కూతురును ఇంజనీర్లయిన ఇండ్లు నేడు ప్రతి మండలమునను గలవు; వారి తాతలకు అది కలలోనైన రాని సంగతి. కాని ఆ ద్రవ్యము ప్రవహించిన దారి ఎటు? ఇంజనీరింగు కళాశాలలు ఏడు వందలకు పైగా మొలచినవి. పెక్కింటిలో ప్రయోగశాల పేరునకు మాత్రమే, అధ్యాపకుడు తనిఖీ దినమున మాత్రమే. పిదప ప్రభుత్వములు బకాయి పడుటయు, యాజమాన్యములు విద్యార్థి పట్టాలను బిగబట్టుటయు, తలుపులు మూసెదమని బెదరించుటయు ఏటేట చూచుచున్నాము. ఈ నడుమ ఊరి సర్కారు డిగ్రీ కళాశాల ఒప్పంద అధ్యాపకులతోను, గంటకింత యని వచ్చు అతిథి అధ్యాపకులతోను కాలము వెళ్ళబుచ్చుచున్నది. విశ్వవిద్యాలయములలో మంజూరైన ఆచార్య స్థానములు ఏండ్ల తరబడి ఖాళీగ నున్నవి. విద్యార్థి ఫీజు చెల్లించితిమని ప్రభుత్వము చేతులు దులుపుకొనిన, గుమ్మము దాటిన బాలునికి లోపల చెప్పువాడు లేడు. వెనుక ఆ బాలుడే పనికిరానివాడని, అతని పట్టము చిత్తుకాగితమని అదే ప్రభుత్వపు మంత్రులు వేదికలపై నవ్వుదురు.

కావున శాసనసభ్యులు ఏ పక్షమువారైనను సరే, రాబోవు బడ్జెటు సమావేశమున రెండు లెక్కలు అడుగవలెను. ఒకటి: ఏ పట్టణపు సర్కారు డిగ్రీ కళాశాలలో ఏ విషయమునకు ఎన్ని అధ్యాపక స్థానములు మంజూరైనవి, ఎన్నింటిలో మనుష్యులున్నారు? రెండవది: ఫీజు పథకము క్రింద గడచిన అయిదేండ్లలో ఏ కళాశాలకు ఎంత చెల్లించిరి, అచ్చట చేరినవారిలో ఎందఱు చదువు ముగించిరి? సభ్యులు అడుగుటకు జంకినచో పఠనమందిరములవారే పూనుకొనవచ్చును. తమ ఊరి కళాశాలకు పోయి, ఏ తరగతికి ఎవరు పాఠము చెప్పుచున్నారో, ఏ తరగతికి ఎవరును చెప్పుట లేదో కనుగొని, కాగితమున వ్రాసి ఈ పత్రికకు పంపుడు. వచ్చినవి వచ్చినట్లు, ఊరి పేరుతో, ఈ పుటలోనే ప్రకటింతుము.